బెలూన్ల జోలికి వెళ్లాను నాన్నా

నాన్నకు,

చిన్నది నమస్కరించి రాస్తున్నది. ఇక్కడ నేనూ, మన షెడ్డూ, షెడ్డు ముందు పడుకుని వచ్చేపోయేవాళ్ల మీద మొరిగే కుక్కా క్షేమంగానే ఉన్నాం. మీరిద్దరూ అక్కడికి వెళ్లాక అక్క బాగా తింటోందనీ, పసిది బావను కంటిమీద కునుకు వేయనివ్వడం లేదనీ అమ్మ ఫోనులో చెప్పింది. బావకు ఆమాత్రం శిక్ష పడాల్సిందేలే.

ఇది కూర్చున్నది కూర్చున్నట్టు రాసిన ఉత్తరం కాదు. రెండు ముక్కలు రాయడం, లేచి వెళ్లి బండి చూడటం, మళ్లీ వచ్చి కూర్చోవడం. కాలుకాలిన పిల్లిలా తిరుగుతున్నానని పక్క టైర్ల షాపు మామ నవ్వుతున్నాడు. అక్షరాలు వంకర పోతే ఏమీ అనుకోకు.

నీ ఉత్తరంలో నువ్వడిగిన వాటికి ముందు జవాబులు చెప్పేస్తాను. లిఫ్టుకు గ్రీజు పెట్టాను. నీ స్పానర్లు ఎవరికీ ఇవ్వలేదు. టైర్ల మామ అడిగితే కూడా ఇవ్వలేదు. మొహం మాడ్చుకుని వెళ్లి, సాయంత్రం తనే టీ పట్టుకొచ్చాడు. వేళకు తింటున్నావా అన్నావు. తింటున్నాను. ఏ వేళకన్నది మాత్రం అడక్కు.

ఇక నువ్వు ఊరెళ్లే ముందు గాలి కంప్రెసర్ మార్చిన పశువుల డాక్టరమ్మ పెద్ద బండి సంగతి. "కొత్త కంప్రెసర్ కూడా కాలిపోయిందంటే అది నాసిరకం సరుకు. అమ్మినవాడి మొహాన కొట్టి ఇంకోటి తెచ్చి వెయ్యి. బెలూన్లు బాగున్నాయి, నేను విన్నాను, వాటి జోలికి వెళ్లకు" అని రాశావు. ఆ ముక్క ఎన్నిసార్లు చదువుకున్నానో లెక్కలేదు.

ఆ బండి తిరిగి ఎలా వచ్చిందో నీకు సగమే చెప్పాను. ఈనలేక అవస్థ పడుతున్న ఒక ఆవును చూడటానికి ఆవిడ పొలాల్లోకి వెళ్లిందట. పని ముగించుకుని వచ్చేసరికి బండి వెనకభాగం కూలబడి, పొట్ట మట్టిగడ్డకు ఆనుకుని ఉందట. ఎన్ని మీటలు నొక్కినా లేవలేదు. ట్రాక్టరు కట్టి లాగించుకుని, బూట్లకు బురదతోనే తిన్నగా మన దగ్గరికి వచ్చింది.

"బాగుచేశామనేగా ఇచ్చారు?"

"చేశామండీ. మళ్లీ చూస్తాను."

"చూడటం కాదమ్మా, అసలీ గాలి గోలే నాకొద్దు. అందరి బండ్లకూ ఉన్నట్టు ఇనప స్ప్రింగులు వేసి పారెయ్."

"వేస్తానండీ. కానీ బండి ఎప్పుడూ ఒకే ఎత్తులో ఉంటుంది. బురదొచ్చినప్పుడు మీట నొక్కితే పైకి లేవడం అనేది ఉండదు మరి."

"ఇప్పుడు లేచి చచ్చిందా?"

ఆవిణ్ని కూర్చోబెట్టి చెప్పాను. చక్రాల దగ్గర స్ప్రింగుల బదులు రబ్బరు బెలూన్లు ఉంటాయని, కంప్రెసర్ వాటిలో గాలి నింపుతుందని, ఎక్కడైనా గాలి కారిపోతుంటే అది విశ్రాంతి లేకుండా నింపీ నింపీ కాలిపోతుందని. శ్రద్ధగానే విన్నది. కోపంలో కూడా వినగలిగే మనిషి.

"అంటే ఆ కారేదేదో మొదటిసారే పట్టుకోవాల్సింది. అప్పుడెవరు చూశారు?"

"నేనేనండీ" అన్నాను.

నోటికి ఎలా వచ్చిందో తెలియదు. నువ్వే చూశావని చెప్పడానికి నాలుక తిరగలేదు. ఆవిడ నన్ను ఎగాదిగా చూసి, "సరే, ఇదే ఆఖరు. మళ్లీ కూలబడితే స్ప్రింగులే" అని తాళం నా చేతిలో పెట్టి వెళ్లిపోయింది.

నీ మాట దాటాను నాన్నా. మన షెడ్డు గాలి పైపు తగిలించి బెలూన్లు నింపాను. బండి నిండా లేచింది. అంతలో టైర్ల షాపు మిషను ఆగింది. వెనక ఎడమ చక్రం దగ్గర బుస్సుమని ఒకటే చప్పుడు. నేను బల్ల దగ్గరున్నాను, బండికి ఆమడ దూరంలో. అక్కడికి వినబడింది. నా చెవి మీద నాకే నమ్మకం లేక సబ్బునీళ్లు చల్లాను. నీకు గిట్టదని తెలుసు, "సబ్బునీళ్లు పంక్చర్ల వాళ్లకు, మనకు చెవులున్నాయి" అంటావు. రబ్బరు మడత దగ్గర నురగ పొంగింది. ఊడదీసి చూస్తే ఆ మడత పొడుగునా పగుళ్లే.

వెనక రెండు పక్కలా కొత్త బెలూన్లు వేశాను. ఒక పక్కే వేస్తే రెండోది కూడా త్వరలోనే పోతుందని నువ్వు చెప్పిందే. కంప్రెసర్ కూడా మార్చాను. అప్పట్నుంచీ పొద్దున్నే లేచి మొహం కడుక్కోకుండా వెళ్లి, టైరుకూ పైరేకుకూ మధ్య చెయ్యి పెట్టి చూస్తున్నాను. అంగుళం దిగలేదు. ఇందాక కూడా చూసొచ్చాను. రేపు ఆవిడకు ఇచ్చేస్తాను.

మరి బండి బాగైతే నాకు ఈ కుదురులేనితనం ఎందుకంటావా. అదే రాయలేక లేచి తిరుగుతున్నాను.

నువ్వు ఊరెళ్లాక పగులు పెద్దదై ఉంటుందని సరిపెట్టుకుందామనుకున్నాను. నీకూ అదే చెప్పి ఊరుకుందామనుకున్నాను. కుదరదు నాన్నా. మొదటిసారి ఆ బండి వచ్చిన రోజున నువ్వు చక్రం పక్కన చెవి ఆనించి, కళ్లు మూసుకుని, "గాలి ఎక్కడా పోవడం లేదు, కంప్రెసరే నీరసించింది" అన్నావు చూడు, అప్పుడు నేను నీ వెనకే నిలబడి ఉన్నాను. ఇదే బుస్సు నాకు అప్పుడే వినబడింది. నువ్వు కాదన్నాక అది ఇంకేదో చప్పుడనుకున్నాను. బజారంతా చెవి మేస్త్రి అని పిలిచే మనిషి పక్కన నిలబడి, నాకు వినబడింది అనడానికి ఎన్ని గుండెలుండాలి?

ఇంకొకటుంది. ఇది అమ్మకు కూడా చెప్పలేదు.

అదే రోజు కంప్రెసర్ బిగించాక నువ్వు ఇంకా బండి కిందే ఉన్నావు. కింద పెట్టిన స్టాండ్లు అప్పటికే తీసేశాం. నేను సీట్లో కూర్చుని, "దింపుతున్నా, బయటికి వచ్చెయ్ నాన్నా" అని అరిచాను. "ఆఁ" అని వినబడింది. మీట నొక్కాను. బండి దిగడం మొదలుపెట్టింది. ఎందుకో తల వంచి చూస్తే నీ చెప్పులు ఇంకా బయటికే ఉన్నాయి, కదలడం లేదు. పైకి ఎలా లేపానో దేవుడికెరుక. ఆ "ఆఁ" అన్నది పక్కనుంచి టైర్ల మామ, ఫోనులో ఎవరితోనో. నువ్వు తీరిగ్గా బయటికొచ్చి, "ఎందుకే బండిని ఊయల ఊపుతావ్?" అని కసిరావు. నేను నవ్వేశాను. తర్వాత బాత్రూములో తలుపేసుకుని కూర్చుండిపోయాను. పనిలో మునిగిపోయి వినిపించుకోలేదులే అని మనసుకు సర్దిచెప్పుకున్నాను.

ఇప్పుడన్నీ ఒకదాని వెనక ఒకటి గుర్తొస్తున్నాయి. అమ్మ నీతో ఎందుకంత గట్టిగా మాట్లాడుతోంది? వయసుతో గొంతు పెరిగిందని మనం ఆటపట్టించేవాళ్లం. ఆవిడ నవ్వి ఊరుకునేది. ఆవిడకు తెలుసేమో నాన్నా. నీ మనసు నొచ్చుకుంటుందని తన గొంతునే పెంచుకుని ఉంటుంది.

చెవి మేస్త్రి పేరు పోతుందని నీకు బాధగా ఉంటుంది. నాకూ ఉంది, ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది. కానీ నీ పేరు కోసం నిన్ను పోగొట్టుకోలేను. అక్కా వాళ్ల వీధి చివర చెవుల డాక్టరు ఉన్నాడని బావ చెప్పాడు. నిన్ను తీసుకెళ్లమని బావకు చెప్పి ఉంచాను, అమ్మా వెంట వస్తుంది. పరీక్ష చేయించుకున్నాకే ఇంటికి రా. అప్పటిదాకా నిన్ను ఏ బండి కిందికీ దూరనివ్వను. కోప్పడితే కోప్పడు, పడతాను. మొండితనం నీ దగ్గర నేర్చుకున్నదే.

ఇంత సంగతి ఫోనులో చెప్పకుండా ఉత్తరం రాయడమేమిటని, నీ పక్కన కూర్చుని ఇది చదివే అక్క అడుగుతుంది. చెప్పాను అక్కా. మొన్న ఆదివారం గుండె రాయి చేసుకుని నాన్నకు ఫోన్ చేసి, బెలూన్ సంగతీ, నేను మీట నొక్కిన సంగతీ, చెవుల సంగతీ అన్నీ చెప్పేశాను. అంతా విన్నట్టే ఊఁ కొట్టి, "సరే సరే, జాగ్రత్తగా ఉండు. ఇక్కడ సిగ్నల్ సరిగా లేదు, ఏమీ వినబడటం లేదు" అని పెట్టేశాడు.

నాకు మాత్రం ఆ ఫోనులో నీ వెనకాల పసిదానికి వచ్చిన ఎక్కిళ్లు కూడా వినబడ్డాయి. సిగ్నల్ బాగానే ఉంది నాన్నా.

ఇట్లు,
ఇకనుంచి గట్టిగా మాట్లాడబోయే
నీ చిన్న కూతురు