చుట్టం వచ్చే దారి

నవంబర్ 10, ఆదివారం

నవ్యశ్రీకి యూనిఫాం ఇచ్చిండ్రు. ఖాకీ అంగి, ఖాకీ ప్యాంటు, నెత్తి మీద టోపీ. దూలపల్లిల ట్రైనింగ్. నా బిడ్డ ఇగ ఫారెస్ట్ బీట్ ఆఫీసర్. షామీర్‌పేటల చాయ్ తాగేటోళ్లందరికీ చెప్పిన. పక్క చెల్క ఫరీద్‌కు మూడుసార్లు చెప్పిన. మూడోసారి ఆయన, అన్నా, నిన్న గూడ మీ బిడ్డనే ఆఫీసరుండె, ఇయ్యాల గూడ ఆమెనే ఉన్నది, రేపు మారితే చెప్పు అన్నడు. నవ్వుకుంట ఇంటికొచ్చిన. నేను ఏడో తరగతి దాంక సదివిన. టోపీ వెట్టుకున్న బిడ్డను చూస్తే కండ్లల్ల నీళ్లు ఆగలే.

నవంబర్ 17, ఆదివారం

నవ్య వచ్చింది. ప్రాజెక్టు ఇచ్చిండ్రంట. అడివి అంచుకున్న పట్టా భూములల్లకు చుక్కల దుప్పులు ఏడాది పొడుగున ఎట్ల వస్తయి, ఎట్ల పోతయి, అన్నీ రాయాలెనంట. ముదురు పోతు ఒక్కటన్న ఫొటోల పడాలెనంట. మన రెండెకరాల చెల్క మీదనే రాస్త నాయినా, నువ్వు సాయం జెయ్యి అన్నది. చెట్టుకు కట్టే కెమెరా ఇచ్చి పోయింది. అంత పెద్ద సదువు నా చేతిల వెట్టింది.

అదే దినం, సాయంత్రం ఆరు గంటలు

ఒక సంగతి రాస్తున్న. నాకూ ఈ నోట్‌బుక్కుకే తెల్వాలె. పదహారేండ్ల నుంచి ఇరవై ఆరేండ్ల దాంక మా నాయిన ఎంబడి నేను దుప్పుల షికారు జేసిన. యాడనో గాదు, గీ చెల్కలనే. అప్పటికే గవర్మెంటోళ్లు బంద్ వెట్టిండ్రు, ఎరుకనే. పెండ్లైనంక మళ్ల పోలే. ఇంటామె యాదమ్మకు గూడ చెప్పలే.

నవ్య అడుగుతది, నీకిదంతా ఎట్ల తెల్సు అని. అడిగితే ఏం జెప్పాలె. ఖాకీ ఏస్కున్న బిడ్డ.

డిసెంబర్ 12

షికారంటే ఒక్క పొద్దు పని గాదు, ఏడాది పని, మా నాయిన గట్లనే అనెటోడు. ఫొటోకు గూడ గదే లెక్క. ఇయ్యాల తెల్లారంగనే అడుగులు సూసుకుంట కంచె పొంటి నడిచిన. ఆడయి మందల పోతయి, గిట్టలు ఒకదాని మీద ఒకటి పడ్తయి. వాటెన్క, శానా ఎన్క, ఒక్కటే అడుగు. పొడుగు నాలుగు వేళ్లు. ముంగటి గిట్టలు విచ్చుకున్నయి. బరువున్నోడు. ముదురు పోతు ముంగట రాడు. అందరినీ పంపి ఆఖరుకు వస్తడు. నలభై ఏండ్లు కావొచ్చింది. అయినా ఆ అడుగు సూడంగనే నా కాళ్లు వాటంతట అవే మెల్లగైనయి.

జనవరి 21

కెమెరాల మా మేక పడ్డది. నలభై ఫొటోలు.

మార్చి 8

నీళ్లు ఎండుతున్నయి. సిమెంటు తొట్టి దింపినం, ఫరీద్ మోటారు కెళ్లి పైపు గుంజిండు. మూల మడిల అలసందలు కొయ్యకుంట ఇడిచిన. యాదమ్మ, మనకు కూరకు లేకున్న గాని వాటికి తోట వెట్టినవ్ అన్నది. ఆ మాట ఇడిచిపెట్టలే, రోజూ అంటాంది.

మంచె కట్టినం. గాలి దుప్పి మీదికెళ్లి మన మీదికి రావాలె, మన వాసన దానికి పోవద్దు. తుమ్మ చెట్టు దిక్కు బాగుంటదని ఫరీద్ అన్నడు. పొద్దుగాల చిటికెడు దూది ఎగరేసి సూపిచ్చిన, గాలి ఎటు తిరుగుతదో. ఆయన నా మొకం దిక్కు సూసిండు.

మే 19, పొద్దున ఎనిమిది

పడ్డడు. ఫొటోల పడ్డడు. ఐదు గంటల నలభై నిమిషాలకు, తొట్టి కాడ. కొమ్ములు నా చెయ్యంత పొడుగు, ఒక్కోదానికి మూడు కొనలు, మెడ నల్లగ. సంతోషం ఆగక వంటింట్లకు వోయి, చుట్టం వచ్చిండే అన్న. యాదమ్మ రెండు గ్లాసుల బియ్యం ఎక్కువ ఏసి, నీ దిక్కోళ్లా నా దిక్కోళ్లా అని అడిగింది. నేను ఫోన్ల నవ్యకు గూడ గదే అన్న, చుట్టం వచ్చిండు బిడ్డా. ఆమె పడి పడి నవ్వింది. అదేంది నాయినా అన్నది. పాత మాట బిడ్డా అని తప్పిచ్చుకున్న.

షికారుకు వోయేటప్పుడు దుప్పి పేరు దియ్యం, చుట్టం అంటం. తీస్తే దాని చెవులల్ల పడ్తదని మా నాయిన నమ్మకం. నోట్ల ఇంకా ఉన్నది ఆ మాట. నాకే తెల్వదు.

ఎక్కువైన అన్నం ఇయ్యాల ఇద్దరమే తినాలె.

ఆగస్టు 17, ఆదివారం

నవ్య వచ్చింది. దేవేందర్ సార్ క్లాసు చెప్పిండంట. ఈ దిక్కు పాత షికారోళ్లు దుప్పి పేరు దియ్యరు, చుట్టం అంటరు, ఆ మాట ఇంటే చెవులు నిక్కబొడుచుకోవాలె అన్నడంట. క్లాసుల అందరూ రాసుకున్నరంట. ఆమె రాసుకోలేదంట.

ఎన్ని కొట్టినవ్ నాయినా అని అడిగింది.

ఏడు అన్న.

కంచం కడిగి బోర్లిచ్చి, బస్సుకు వోయింది.

ఆగస్టు 24

రాలే.

సెప్టెంబర్ 7

రాలే. ఫోన్ యాదమ్మకే జేస్తాంది. యాదమ్మకు గూడ చెప్పిన. ముప్పై ఎనిమిదేండ్లు నా ముంగట కూసొని మటన్ తిన్నవ్, ఒక్క మాట అనలే అన్నది. తర్వాత, దుప్పి కూర మస్తు వండెటోళ్లా మీ ఇంట్ల అని అడిగింది. ఆడోళ్ల మనసు నాకు ఇప్పటికీ సమజ్ గాదు.

కెమెరా బ్యాటరీ మార్చిన. ప్రాజెక్టు ఆమెది, ఆగొద్దు.

సెప్టెంబర్ 9

ఫరీద్‌కు చెప్పిన. దూది ఎగరేసిన దినమే నాకు తెల్సు అన్నా అన్నడు. చంపుడు ఒక తప్పు, దాసిపెట్టుడు ఇంకో తప్పు, చిన్నది ఇయ్యాలనే పోయింది, పెద్దదానికి ఏం జేస్తవో నువ్వే సోంచాయించు అన్నడు.

సెప్టెంబర్ 14

ఏడు దినాలు గుర్తు జేసుకొని ఏడు పేజీలు రాసిన. ఏ దారిల వచ్చింది, యాడ కూసున్నం, గాలి ఎటుండె, వల యాడ కట్టినం. మాఫీ అని యాడ రాయలే. రాస్తే చదువుడు ఆపుతదని. దొంగ ఎట్ల కూసుంటడో తెలిస్తేనే ఆఫీసరు వాని ఎన్క కూసుంటది. గింతే రాసిన ఆఖర్ల. ఈ నోట్‌బుక్కు కెళ్లి పేజీలు చింపి కవర్ల వెట్టిన. ఫరీద్ దుండిగల్ దిక్కు పోతుండె, దూలపల్లి గేటు కాడ ఇచ్చొచ్చిండు. ఖాకీల ఉంటే మీ బిడ్డను గుర్తు వట్టలే అన్నడు. ఆ మాటకు మళ్ల పొంగిపోయిన. సిగ్గు లేదు నాకు.

సెప్టెంబర్ 26

నవ్య ఫోన్ నాకు జేసింది. ఒక్కటే అడిగింది. ఆరో పేజీల రెండు పొద్దులు మంచె మీద దగ్గు గూడ మింగినమని రాసినవ్, దగ్గు ఎట్ల మింగుతరు. చెప్పిన. మెల్లగ ముక్కుకెళ్లి గాలి ఇడువాలె, నాలిక పండ్లకు ఆనిచ్చి వెట్టాలె. అటు దిక్కు ముక్కుకెళ్లి గాలి ఇడిచిన సప్పుడు ఇనొచ్చింది. నేర్చుకుంటాందని సమజైంది.

అక్టోబర్ 12, ఆదివారం, పొద్దున ఆరు దాటింది

మంచె మీద ఇద్దరం. నవ్య ఖాకీలనే వచ్చింది. పోతు ఆఖర్ల వచ్చిండు, ఒక్కటే కొమ్ముతోని. రెండోది యాడనో రాల్చిండు. ఆ రెండు కొమ్ములు కండ్లార సూడాలెనని ఏడాది నేను ఎదురు సూసిన. నవ్య మూతికి చెయ్యి అడ్డం వెట్టుకున్నది, దగ్గు గాదు, నవ్వు.

రాలిన కొమ్ము ఎతుక వోతున్నం. దొరికితే ముట్టొద్దంట, ఫొటోనేనంట. సరే సార్ అన్న.