పోర్టులో కుంకుమ

సిరవార,
6-10-2025.

రంగనాయకులు సార్‌కి,

మీ దగ్గర పని నేర్చుకున్న రమ్యశ్రీ చేతులు జోడించి రాసుకునేది. మీరూ, అమ్మగారూ కులాసాగా ఉన్నారని తలుస్తాను. నేను మాత్రం కులాసాగా లేను. ఫోన్లో మీ గొంతు వింటే నోరు పెగలదని కాగితం మీద పెడుతున్నాను.

గురువారం వానకి నెట్ పోయింది. ఇక్కడ కాలువ గేట్లు నడిపే సర్వర్‌లోకి రాయచూరు ఆఫీసు నుంచి వెళ్లాలంటే ఇక మిగిలింది సీరియల్ పోర్టు, దానికి తగిలించిన ఫోన్ లైను మోడెమ్. మీరు దొడ్డిదారి అనేవారే, అది. అందులోంచి వెళితే స్క్రీన్ నిండా పిచ్చిగీతలు, ఒక్క అక్షరం అర్థమైతే ఒట్టు! గేటు మూయమని చెప్పే దారి లేదు. కాలువలో నీళ్లు పెరుగుతున్నాయి. దిగువన యలమందయ్య గారి వరి పొట్ట మీదుంది.

గేటు వాచ్‌మన్ భీమేశ్‌కి ఫోన్ చేస్తే, బుగులు పడకుండ్రి మేడం, చేత్తోనే తిప్పుత అన్నాడు. వానలో రెండు గంటలు చక్రం తిప్పి గేటు మూశాడు. అరచేతులు బొబ్బలెక్కాయి. చేను దక్కింది.

ముందు రోజు ఆయుధపూజ కదా. ట్రాక్టర్లకి పెట్టినట్టే భీమేశ్ సర్వర్ బీరువాకీ విభూతి, కుంకుమ పెట్టి నిమ్మకాయ కట్టాడు. శుక్రవారం నేను తనిఖీకి ఇక్కడికి వస్తే పోర్టు రంధ్రాల్లో కుంకుమ ఉంది. నివేదికలో అదే రాశాను. పెద్దసారు అతన్ని పనిలోంచి తీసేస్తానంటున్నారు. రేపటి విచారణకి మీరే కూర్చుంటున్నారట. పూజ చేస్తే గిట్లయితదా మేడం అని అతను నన్నే అడిగాడు. అప్పట్నుంచి తిన్నది ఒంటబట్టడం లేదు. అతని మీద దయ ఉంచండి.

ఇట్లు,
మీ శిష్యురాలు
రమ్యశ్రీ

తా.క.: సంతకం పెట్టాక కూడా మనసు ఊరుకోవడం లేదు. దొడ్డిదారి నత్తనడక నడుస్తోందని బుధవారం పొద్దున సర్వర్ వైపు పోర్టు స్పీడు 9600 నుంచి 115200కి మార్చింది నేను. మోడెమ్ వైపు మార్చలేదు. రెండు వైపులా ఒకే స్పీడు లేకపోతే మాట కలవదని మొదటి రోజే చెప్పారు మీరు. శుక్రవారం స్పీడు గుట్టుగా సరిచేసి, బీరువా తలుపు మీది కుంకుమ వేలితో తీసి పోర్టులో పెట్టిందీ నేనే. భీమేశ్ తలుపు తప్ప ఏదీ ముట్టుకోలేదు.

ఈ ఉత్తరం మీకు తెచ్చింది అతనే. కన్నడ తప్ప చదవలేడు. తన మంచికే రాశానంటే నమ్మి జేబులో పెట్టుకున్నాడు. అతన్ని ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇదంతా పైకి చదవండి సార్. అతని మొహం చూస్తూ చెప్పే ధైర్యం నాకు లేదు.