కుడి సీటు

యాకుత్‌పురా

వైకుంఠం అన్నకు,

పెరట్లో మనం కట్టిన విమానానికి రెక్కల తీగలు బిగించాను. ఎడమ సీట్లో ఒక్కణ్ణే కూర్చుంటే ఎడమకు ఒరుగుతోంది. కుడి సీట్లో నీ బరువుకు తూచిన బియ్యం బస్తా పెడితే రసమట్టంలో బుడగ మధ్యకు వచ్చి రెక్కలు సమంగా నిలిచాయి. పక్కింటి సక్కుబాయి చూసి, "బస్తాను గూడ షికారుకు తీస్కపోతవా అన్నా?" అని నవ్వింది.

ఒక్కణ్ణే ఎగరాలంటే తీగలు మళ్లీ సరిచేయాలి. అప్పుడు ఇద్దరం ఎక్కితే కుడికి ఒరుగుతుంది.

వదిన నిన్ను ఎగరొద్దందని విన్నాను. తప్పు పట్టను. నువ్వుండే సైదాబాద్ ఇక్కడికి ఎంత దూరం? ఒక్కసారి వచ్చి, "నువ్వొక్కనివే పోరా" అని నీ నోటితో చెప్పు. అందాకా తీగలు ముట్టను. ఆ బస్తాలోంచి వంటకు గుప్పెడు బియ్యం కూడా తీయడం లేదు, నీ బరువు తగ్గుతుందని.

నీ తమ్ముడు