నూనె ముదిరేదాకా ఒక్క గింజా ముట్టను

ఆగస్టు 4
పొద్దుతిరుగుడు రేకులు రాలాయి. పెరట్లో పది పూలకు ఎర్ర దారం కట్టాను. గింజలో నూనె ఎలా మారుతుందో వాటిలో చూసి, కోత రోజు ఈసారి సరిగ్గా చెబుతాను. అందాకా ఒక్క గింజా నోట వేయను!
ఒకటి వలిచి కాగితం మీద నొక్కాను. పాలే వచ్చాయి. తడి ఆరింది, మరక లేదు, అంటే ఇంకా నూనె పట్టలేదు. అద్భుతం!
నా భార్య మోత్ర్య అంది: “నిరుడు తొందరపడి కోశావు, పనాసూ. చలికాలమంతా పుల్లటి నూనె తిన్నాం. ఈసారీ అంతే అయితే వంట నువ్వే చేసుకో.”

ఆగస్టు 13
మరక మిగిలింది! పుస్తకం ప్రకారం లేత నూనెలో పులుపెక్కువ. గింజ నిండేకొద్దీ అది తగ్గుతుంది. రాత్రులు చల్లబడ్డాక గింజలో పట్టే నూనె పలచగా ఉంటుంది.
కాగితానికి పులుపు తెలియదు కదా. ఒక్కటి కొరికాను. పచ్చి గడ్డి. ఉమ్మేశాను. ఇది తినడం కిందికి రాదు.

ఆగస్టు 22
అంచు గింజలు ముందు నిండుతాయి, నడిమివి తర్వాత. రెండూ చూడాలి. మధ్యలోవి వదిలేస్తే అన్యాయం. పువ్వంతా చూశాను.
మింగకపోతే పులుపుకు గొంతు మండుతుందో లేదో తెలియదు.

సెప్టెంబరు 2
తిమిష్ వచ్చాడు. మా పిల్లకు జ్ఞానస్నానంలో తండ్రిగా నిలిచినవాడు; ఆ వరసతో ఒకరినొకరం ‘కూమా’ అని పిలుచుకుంటాం. బల్ల మీద కూర్చుని అతని ఆవు జబ్బు గురించి మాట్లాడుకున్నాం. లేచేసరికి మా బూట్లు పొట్టులో మునిగి ఉన్నాయి. ఎర్ర దారాలు మూడు నా ఒళ్లో.
“నీ శాస్త్రం బాగుంది కూమా,” అన్నాడు. “కాస్త వేయించి ఉప్పేస్తే ఇంకా బాగుండేది.”
ఆవు పరిస్థితి అలాంటిది. మనసు బాగోలేదు.

సెప్టెంబరు 11
ఆవు దిగులుతో ఇంకో ఐదు పూలు అయిపోయాయి. మిగిలిన ఒక్క పువ్వును పిచ్చుకల నుంచి కాపాడదామని తెంపి ఒళ్లో పెట్టుకున్నాను.
పిచ్చుకల తప్పేమీ లేదు.

సెప్టెంబరు 12
గానుగ నుంచి కబురు: ఎప్పుడు తెస్తారు? పరీక్ష పూలు లేవు, జవాబు లేదు. మోత్ర్యతో మొదటి నుంచీ జరిగిందంతా చెప్పేశాను.
“ఆగస్టులో ఒకటి కొరికి ఉమ్మేశావా?”
“ఆ.”
“నిన్న?”
“ఆపుకోలేకపోయాను.”
“అయితే ముదిరింది. కొడవలి తీయి.”

సెప్టెంబరు 27
నూనె వచ్చింది. పులుపు లేదు! టమాటా, ఉల్లిపాయల మీద పోసుకుని ఇద్దరం గిన్నె తుడిచేశాం.
విత్తనానికి ఆరు పెద్ద పూలు దూలానికి వేలాడదీశాను. వసంతం దాకా వాటి జోలికి వెళ్లను. ఇవాళ్టి నుంచే!
నా మాట మీద నమ్మకముందని మోత్ర్య అంది. నిచ్చెన మాత్రం వాళ్ల చెల్లెలింటికి పంపేసింది.