పదకొండో మనిషి

వేటపాలెం,
12 డిసెంబరు 1986

చెల్లెలు జైతున్‌బీకి,

పోయిన ఆదివారం మీరు మా ఇంటికొచ్చి వెళ్ళేటప్పుడు మీ ఊరి పేరు అడిగి తెలుసుకున్నాను కనుక ఈ ఉత్తరం నీకు చేరుతుందనుకుంటున్నాను. మీ ఆయన దగ్గర లేనప్పుడు చదువుకో.

మా ఆయన రామచంద్రమూర్తి గారు ఒంగోలు వెళ్ళారనీ సాయంత్రానికి గాని రారనీ ఆ రోజు చెప్పాను. ఆయన ఒంగోలు వెళ్ళలేదు. ఆయన లేరు. మూడేళ్ళు దాటింది.

ఆయన ఇక్కడి స్టేషన్‌లో టిక్కెట్లు ఇచ్చేవారు. మీ ఆయనకు వచ్చిన జబ్బే, ఊపిరితిత్తిలో క్యాన్సర్. గుంటూరులో ఆపరేషన్ చేసి ఎడమ వైపు సగం తీసేశారు. ఇంటికి పంపేటప్పుడు ఆసుపత్రి రికార్డుల గదిలో గుమాస్తా లక్ష్మీనరసింహం గారు, "ఆరు నెలలకోసారి జవాబు కార్డు పంపుతానండి. ఎలా ఉన్నారో ఒక ముక్క రాసి డబ్బాలో వెయ్యండి. ఎంతమంది బతికి ఉన్నారో మాకు తెలిసేది అలాగే" అన్నారు. మొదటి రెండు కార్డులూ మా ఆయనే రాశారు. "బాగున్నాను. డ్యూటీకి వెళుతున్నాను." అంతే.

మూడో కార్డు వచ్చేసరికి ఆయన లేరు. కార్డు మీద ఆయన పేరే ఉంది. నేను కూర్చుని, ఆయన రాసినట్టే "బాగున్నాను. డ్యూటీకి వెళుతున్నాను" అని రాసి పోస్టు చేసి వచ్చి, పొయ్యి మీది పప్పు దించుకున్నాను. తరవాత ఇంకో ఐదు కార్డులు వచ్చాయి. అన్నింటికీ అదే రాశాను. బాధతో రాశానంటే వినడానికి బాగుంటుంది గాని, అప్పటికి నాకు బాధ కూడా లేదు. కార్డు వచ్చింది, జవాబు రాశాను. ఇప్పటికీ అంతకన్నా చెప్పడానికి ఏమీ దొరకదు.

దానివల్ల ఎవరికో ఏదో అవుతుందని అనుకోలేదు. మీరొచ్చి, "గుమాస్తాగారు పంపారమ్మా. ముప్పై నాలుగు మందికి కోస్తే నాలుగేళ్ళు దాటి పదకొండు మంది ఉన్నారంట. అందులో ఒకాయన ఇక్కడున్నారంట, చూసి ధైర్యం తెచ్చుకోమన్నారు" అని కిటికీ దగ్గర నిలబడి చెప్పినప్పుడు తెలిసింది. నేను లోపలికి వెళ్ళి దేవుడి గూట్లో కుంకుమ తీసి పెట్టుకుని వచ్చి తలుపు తీశాను. మీ ఆయన అడిగాడు, "ఆయన మెట్లు ఎక్కగలడా అమ్మా? ఆయాసం రాదా?" ఎక్కుతారని చెప్పాను. మీ ఆయన మొహం తేటపడింది. నేను మీకు మజ్జిగ ఇచ్చాను.

పదకొండు కాదమ్మా, పది. నన్ను చూసి ఆపరేషన్‌కు ఒప్పుకోవద్దు. గుమాస్తాగారికీ ఇవాళే రాస్తున్నాను.

ఇట్లు,
కనకలక్ష్మి

—

చిలకలూరిపేట దగ్గర నుంచి,
3 ఫిబ్రవరి 1987

కనకలక్ష్మక్కకు జైతున్ సలాం చేసి రాసేది.

జవాబు ఆలస్యమైంది, కోప్పడకు. అక్కా, నువ్వు తలుపు తీసినప్పుడే నాకు తెలిసింది. నుదుట కుంకుమ అప్పుడే పెట్టినట్టుంది. కాళ్ళకు మెట్టెలు లేవు. మా వీధిలో చుట్టూ మీవాళ్ళే, ఆ మాత్రం నాకు తెలుసు.

తెలిసీ నేను నోరు తెరవలేదు. మా ఆయన సంగతి నీకు చెప్పలేదు. గుంటూరు యార్డులో పదిహేనేళ్ళు మిరప బస్తాలు తూచాడు. దగ్గు వస్తే ఘాటుకే అనుకున్నాం. డాక్టరు జబ్బు పేరు చెప్పిన రోజు నుంచి గోడవైపు తిరిగి పడుకున్నాడు, కోయించుకోనన్నాడు. మీ ఇంటి నుంచి తిరిగొస్తుంటే బస్సులో బఠాణీలు కొనుక్కుని తిన్నాడు. "మళ్ళీసారి ఆయన్ని చూద్దాం" అన్నాడు. సరేనన్నాను. కనుక ఆ అబద్ధంలో సగం నాది.

ఆయన లేనప్పుడు చదువుకోమన్నావు. నేను ఆయన ముందు కూర్చుని పైకి చదివాను. ఇంక దాచలేకపోయాను. విని, "అయితే ఆయన పోయాడన్నమాట" అన్నాడు. మూడో రోజు చొక్కా వేసుకుని గుంటూరు పోదాం పదమన్నాడు.

గుమాస్తాగారు పుస్తకం తీసి చూపించారు. మీ ఆయన పేరు ఎదురుగా ఎర్ర సిరాతో దిద్ది ఉంది. ఆయన నిన్నేమీ అనలేదు. ఇకమీదట కార్డు నమ్మకుండా మనిషిని పంపించి కనుక్కుంటామన్నారు. తరవాత డాక్టరు దగ్గరికి వెళ్ళాం. మా ఆయన సూటిగా అడిగాడు, "ముప్పై నాలుగులో పది అంటే, నేను ఆ పదిలో ఉంటానా సార్?"

డాక్టరు చెప్పాడు, "ఆ లెక్క నీది కాదు బాషా, ఆ ముప్పై నాలుగు మందిది. వాళ్ళలో ముసలివాళ్ళున్నారు, ముదిరిపోయాక వచ్చినవాళ్ళున్నారు. నీ గడ్డ ఇంకా చిన్నది. వాళ్ళకన్నా నీకు మేలుగా ఉండొచ్చు. ఉంటుందని మాట ఇవ్వలేను. పది మంది బతికారన్నది నిజం, అందులో నువ్వెక్కడన్నది నాకూ తెలియదు."

మా ఆయన ఒప్పుకోలు కాగితం ఇలా ఇవ్వమని సంతకం పెట్టాడు. ధైర్యం వచ్చి పెట్టాడో, విసుగొచ్చి పెట్టాడో నేను అడగలేదు. జనవరిలో ఆపరేషన్ అయింది. ఇంటికొచ్చాం. మంచం నుంచి గుమ్మం దాకా నడుస్తున్నాడు. నవ్వితే కుట్లు లాగుతున్నాయంటాడు.

నిన్న నాతో ఒక మాట అన్నాడు. "ఆ పుస్తకంలో పోయినవాళ్ళందరికీ ఒకటే గుర్తు పెట్టారు. మర్నాడు పోయినవాడికీ అదే, మూడేళ్ళున్నవాడికీ అదే. ఆ టిక్కెట్లాయన ఎన్నాళ్ళున్నాడో, ఆ నాళ్ళు ఎట్లా గడిపాడో మీ అక్కని అడుగు." అడుగుతున్నాను అక్కా. చెప్పాలనిపిస్తేనే చెప్పు.

నీ చెల్లెలు,
జైతున్

—

వేటపాలెం,
9 ఫిబ్రవరి 1987

చెల్లెలు జైతున్‌కు,

మెట్టెల సంగతి చదివి నా కాళ్ళు చూసుకున్నాను.

మీ ఆయన అడిగినదానికి నా జవాబు. ఆపరేషన్ తరవాత ఆయన పద్నాలుగు నెలల తొమ్మిది రోజులు ఉన్నారు. మూడు నెలలు ఇంట్లో. ఆ తరవాత పది నెలలు డ్యూటీకి వెళ్ళారు. స్టేషన్ వంతెన ఎక్కేటప్పుడు రెండుసార్లు ఆగేవారు. గొంతు చిన్నదైపోయి కిటికీ అవతలివాళ్ళకు వినపడేది కాదు. అందుకని పలక కొనుక్కుని టిక్కెట్టు ధర రాసి చూపించేవారు. కొందరు మూగవాడనుకున్నారు. ఆయనకు అది తమాషాగా ఉండేది. సిగరెట్లు మానేశారు. ఒకసారి చీరాల వెళ్ళి సినిమా చూశాం, దగ్గు వచ్చి సగంలో లేచొచ్చాం. మిగతా కథ ఏమై ఉంటుందో దారంతా ఆయనే కల్పించి చెప్పారు. ఆవకాయ తిన్నారు. నాతో పోట్లాడారు. చివరి ఐదు వారాలు మంచం మీద, అవి బాగా కష్టంగా గడిచాయి. అవి కూడా దాచను.

ఇదంతా రాస్తుంటే, ఆ పద్నాలుగు నెలల్ని నేనెప్పుడూ తలుచుకోలేదని తెలిసింది. ఆ తరవాతి మూడేళ్ళ కార్డులే నాకు జ్ఞాపకం ఉన్నాయి.

పెన్షన్ కోసం ఇచ్చిన రైల్వే కాగితాలు కూడా మా మరిది నింపితే సంతకం మాత్రం పెట్టాను. మొన్న గుమాస్తాగారికి కూడా "ఆయన లేరు" అనే రాశాను. ఇప్పుడు నీకు సరిగ్గా రాస్తున్నాను. 1983 ఆగస్టు పదో తేదీ, బుధవారం పొద్దున తొమ్మిదిన్నరకు మా ఆయన చనిపోయారు.

అది రాశాక కలం పక్కన పెట్టి చాలాసేపు ఏడ్చాను. ఈ ఒక్క ముక్కా మీ ఆయనకు చదవొద్దు. మిగిలినదంతా చదువు.

మీ అక్క,
కనకలక్ష్మి