తడి తువ్వాలు, సమాన భిన్నాలు

పెద్దమ్మకు,

నీ పిచ్చుక నమస్కరించి రాస్తున్నది. మనిషిని కులాసాగానే ఉన్నాను. ప్రాణం మాత్రం గుప్పిట్లో ఉంది.

నాలుగో తరగతికి లెక్కలు చెప్పే ఉద్యోగం వచ్చిందని రాశాను కదా. చెప్పడం కష్టం కాదు. ఏం చెప్పబోతున్నానో ముందురోజే రాసి హెడ్‌మిస్ట్రెస్ గారి బల్ల మీద పెట్టాలి. దాన్ని పాఠ్య ప్రణాళిక అంటారు. మొదటి వరుసలోనే ఆ పాఠం లక్ష్యం ఏమిటో చెప్పాలి. నేను గుండ్రటి అక్షరాలతో "పిల్లలకు భిన్నాలు అర్థమవుతాయి" అని రాశాను. ఆవిడ ఎర్ర సిరాతో కొట్టేశారు. "గ్రహిస్తారు" అని మార్చాను. అదీ కొట్టేశారు. ఇంత పెద్ద మాటకైనా జాలిపడతారేమోనని "ఆకళింపు చేసుకుంటారు" అన్నాను. దాన్ని రెండుసార్లు కొట్టేశారు.

"అర్థమైనట్టు నీకెక్కడ కనిపిస్తుందమ్మా? చెవుల్లోనా, ముక్కులోనా? కంటికి కనిపించనిది నేను ఒప్పుకోను" అన్నారు.

ఈ టర్ము చివరికి నా ప్రణాళికలు ఆవిడకు నచ్చితేనే ఉద్యోగం ఖాయం. లేకపోతే పెట్టె సర్దుకోవడమే. ఈ పిల్లల్ని వదిలి రావాలని లేదు పెద్దమ్మా.

నీ పిచ్చుక

తా.క.: కొట్టేసిన కాగితాలతో నా అద్దెగది కిటికీ పగులు మూశాను. చలిగాలి ఆగింది. నా రాతల వల్ల ఆ మాత్రం మేలు జరిగింది.

~

చిరంజీవి పిచ్చుకను దీవించి పెద్దమ్మ రాసేది,

నీ ఉత్తరం చదివాక కాళ్ళూ చేతులూ ఆడలేదు. కంటికి కనిపించనిది ఒప్పుకోదా! పిల్లల బడికి దేవుణ్ణి నమ్మని మనిషిని పెద్దదిక్కుగా పెట్టారా? గాలి కనిపిస్తుందా? ఆకలి కనిపిస్తుందా? పాపం, ఎంత దెబ్బ తిన్నదో ఆ తల్లి.

నువ్వు వాదన పెట్టుకోకు. రోజూ దీపం పెట్టేటప్పుడు నీ పేరుతో పాటు ఆవిడనూ తలుచుకుంటున్నాను. పేరు తెలియదు కనుక "ఎర్ర సిరా ఆవిడ" అంటున్నాను. దేవుడికి తెలియదా ఎవరో!

ఆశీస్సులతో, పెద్దమ్మ

తా.క.: మీ పెదనాన్న ఆవిడ పక్షమే. "ముప్పై ఏళ్ళుగా 'అర్థమైందండీ' అంటున్నావు, నాకెప్పుడైనా కనిపించిందా?" అన్నారు. ఆ పూట చారులో ఉప్పు వేయలేదు. అది కనిపించింది.

~

పెద్దమ్మా,

రామరామ! ఆవిడ నాస్తికురాలు కాదు. ఉదయం ప్రార్థనలో అందరికంటే గట్టిగా పాడేది ఆవిడే. ఆవిడ చెప్పేది దేవుడి సంగతి కాదు, లెక్కల సంగతి.

పాఠం అయ్యాక పిల్లవాడు ఏం చేసి చూపిస్తాడో రాయాలి. మడుస్తాడు, గీస్తాడు, పోలుస్తాడు, చెబుతాడు. ఇవైతే కంటికి ఆనుతాయి. నీకు తేలిగ్గా ఉండేలా చెబుతాను. "పెదనాన్న శుభ్రత విలువ గ్రహిస్తారు" అంటే తప్పు. "పెదనాన్న స్నానం చేశాక, ఎవరూ చెప్పకుండానే, తడి తువ్వాలు మంచం మీద కాకుండా వేరేచోట ఆరేస్తారు" అంటే ఒప్పు.

ఇట్లు, కాస్త తేరుకున్న నీ పిచ్చుక

తా.క.: పెదనాన్నకు ఈ ఉత్తరం చూపించకు.

~

పిచ్చుకా,

చూపించాను. చూపించడమేమిటి, నువ్వు రాసిన వాక్యాన్ని అట్ట మీద రాసి స్నానాలగది తలుపుకు అంటించాను. మర్నాడే తువ్వాలు తీసుకెళ్ళి నా పూజపీట మీద ఆరేశారు. ఇదేమిటంటే, "మంచం మీద కాకుండా అని ఉంది, చదువుకో" అన్నారు. "వేరేచోట" కొట్టేసి "పెరట్లో తీగ మీద" అని రాశాను. ఇప్పుడు కిక్కురుమనకుండా తీగ మీదే ఆరేస్తున్నారు. ఎంత మంచి చదువమ్మా నీది!

ఇక ఆవిడ సంగతి. గట్టిగా పాడినంత మాత్రాన భక్తి ఉన్నట్టేనా? నువ్వు భయపడి వెనకేసుకొస్తున్నావని నాకు తెలుసు. అందుకే నేనే ఆవిడకు నెమ్మదిగా, నొప్పించకుండా ఒక ఉత్తరం రాశాను. ఆవిడ పద్ధతిలోనే రాస్తే సంతోషిస్తుందని చివర ఒక లక్ష్యం కూడా పెట్టాను: "ఈ నెలాఖరుకు హెడ్‌మిస్ట్రెస్ గారు కళ్ళు మూసుకుని, చేతులు జోడించి, ఎవరూ చెప్పకుండానే ఒక్కసారైనా దేవుడికి దండం పెట్టుకుంటారు."

బాగుంది కదూ? పోస్టు చేసేశాను.

పెద్దమ్మ

తా.క.: నువ్వు దిండులో మొహం పెట్టుకుని ఏడుస్తున్నావని కూడా రాశాను. పెద్దమనిషి, కరగకపోదు.

~

పెద్దమ్మా,

నా కొంప కొల్లేరయింది.

ఆవిడ నన్ను పిలిచారు. బల్ల మీద నీ ఉత్తరం. దాని మీద ఎర్ర సిరా! నీ లక్ష్యం పక్కన, "దండం కనిపిస్తుంది. భక్తి కలిగిందని ఎలా తేలుస్తారు?" అని రాసి ఉంది. భూమి చీలితే బాగుండుననుకున్నాను.

"మీ పెద్దమ్మ గారు ఏం చదివారు?" అన్నారు.

"హైస్కూలు వరకండీ."

"ఊఁ" అని ఉత్తరం మడిచి, "సోమవారం నీ క్లాసులో వెనక కూర్చుంటాను. ఆ తర్వాత నీ ఉద్యోగం సంగతి చూద్దాం" అన్నారు. ఆ "ఊఁ" నాకు నిద్రలో కూడా వినిపిస్తోంది.

సోమవారానికి ఇలా రాశాను: "సగం, నాలుగింట రెండు సమానమని పిల్లలు కాగితపు పట్టీలు మడిచి చూపిస్తారు. ఎందుకు సమానమో సొంత మాటల్లో చెబుతారు." దీన్ని మాత్రం ఆవిడ కొట్టేయలేదు. అదే ఇంకా భయంగా ఉంది.

పిచ్చుక

తా.క.: నీ కాళ్ళు పట్టుకుంటాను, ఇక ఆవిడకు రాయకు.

~

తల్లీ,

మంచి చేయబోతే చెడు ఎదురైంది. నా చాదస్తం నీ పొట్ట కొట్టేలా ఉంది. దేవుడి ముందు కూర్చుని లెంపలేసుకున్నాను. ఏమైనా సరే, నీ గది ఊడ్చి, కొత్త దుప్పటి పరిచి ఉంచాను. వస్తే సంతోషం. రాకపోతే ఇంకా సంతోషం.

పెద్దమ్మ

తా.క.: మీ పెదనాన్న నాకూ ఒక లక్ష్యం రాసి వంటింట్లో అంటించారు: "ఈమె ఏ ఉత్తరమైనా పోస్టు చేసేముందు నాకు చూపిస్తుంది." ఇదీ చూపించాను. మూడు వాక్యాలు కొట్టేశారు.

~

పెద్దమ్మకూ, పెదనాన్నకూ,

సోమవారం అయిపోయింది. పిల్లలు పట్టీలు చక్కగా మడిచారు, రంగులు వేశారు, పక్కపక్కన పెట్టి సమానమని చూపించారు. "ఎందుకు సమానం?" అన్నాను. అందరూ పట్టీల వంకే చూశారు. చివరికి ఒకడు లేచి, "మీరే చెప్పారుగా టీచర్" అన్నాడు. గంట కొట్టారు.

ప్రణాళిక అడుగున, పాఠం ఎలా సాగిందో రాయడానికి చోటుంటుంది. అక్కడ అందరూ "లక్ష్యం నెరవేరింది" అని రాస్తారు. నేనూ "లక్ష్యం" దాకా రాశాను. చెయ్యి ముందుకు పోలేదు పెద్దమ్మా. అది కొట్టేసి, "మడవడం వచ్చింది. కారణం చెప్పడం ఒక్కరికీ రాలేదు. రేపు మళ్ళీ చెప్పాలి" అని రాసి ఇచ్చేశాను. పెట్టె ఎక్కడుందా అని మనసులోనే వెతుక్కున్నాను.

ఆవిడ చదివి, కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు.

"ఇన్నేళ్ళుగా ఈ బల్ల మీదికి వచ్చిన లక్ష్యాలన్నీ నెరవేరాయమ్మా. అన్నీ నెరవేరుతుంటే పిల్లలకు లెక్కలెందుకు రావట్లేదో నాకు అంతుపట్టేది కాదు. రాలేదని రాసింది నువ్వొక్కదానివే. రాలేదని తేల్చగలిగితేనే కదా అది లక్ష్యం!"

నా ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టారు. అదీ ఎర్ర సిరాతోనే.

మర్నాడు మళ్ళీ చెప్పాను. ఈసారి వాళ్ళను సగం రంగు వేసిన ఒకే పట్టీని మళ్ళీ మళ్ళీ మడవమన్నాను. కిటికీ పక్కన కూర్చునే పిల్ల, ఇంతవరకు నోరు విప్పి ఎరగదు, మెల్లగా లేచింది.

"ముక్కలు ఎక్కువయ్యాయి టీచర్. కాగితం పెరగలేదు."

అడుగున ఇంకేమీ రాయలేదు. ఆ పిల్ల మాటలే రాసిచ్చాను.

నీ టీచరు పిచ్చుక

తా.క.: నీ ఉత్తరానికి ఆవిడ జవాబు రాస్తున్నారు. చిత్తు ప్రతి మీద చిత్తు ప్రతి, బుట్ట నిండిపోయింది. "ఎంత రాసినా, మీ పెద్దమ్మ గారికి నా మాట అర్థమైనట్టు నాకెక్కడ కనిపిస్తుందమ్మా?" అని నన్నే అడిగారు. అందుకని సెలవుల్లో నాతో పాటు వచ్చి, నీ ఎదురుగా కూర్చుని చెబుతారట.