వదులైన రవిక

చిత్తూరు, 1982. గురువారం రాత్రి.

మోకాళ్ల నొప్పులకు డాక్టరమ్మ బరువు తగ్గమన్నప్పటి నుంచి నూనె వేపుళ్లు, మిఠాయిలు మానేశాను. పొద్దున రాగి అంబలి తాగి, మధ్యాహ్నం ఆకుకూరతో చిన్న సంగటి ముద్ద తిని ఊరుకుంటున్నాను. రవికలన్నీ వదులయ్యాయి. నిన్నటిదాకా అదే పెద్ద సంతోషం.

ఈరోజు పూతలపట్టు నుంచి అమ్మ వచ్చింది. నేను పెరట్లో అటు తిరిగి బట్టలు ఆరేస్తున్నాను. వెనక నుంచి "సరోజా!" అన్న కేక వినబడింది.

సరోజ మా అక్క. నా పెళ్లికి ముందే జబ్బు చేసి, చిక్కి శల్యమై చనిపోయింది.

తిరిగి చూస్తే అమ్మ గుమ్మం పట్టుకుని నిలబడి ఉంది. "నేనమ్మా, కమలని" అన్నాను. దగ్గరికొచ్చి నా మెడ కింది ఎముకలు తడిమింది.

"ఎన్నాళ్లుగా ఉండాది మే ఇది? నాకు సెప్పకుండా దాసినావా?"

"జబ్బు కాదమ్మా. నేనే కావాలని తిండి తగ్గించినాను."

"మీ అక్క కూడా మొదట్లో ఇట్లే సెప్పింది. ఆకలి కాలేదు, నేనే తినలేదు అనింది."

ఆ మాట ఇన్నేళ్లలో అమ్మ ఎప్పుడూ నాతో అనలేదు.

మధ్యాహ్నం అన్నంలో నెయ్యి కలిపి తనే ముద్దలు పెట్టింది. కాదనలేక తిన్నాను. రేపు అమ్మను డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లి, నాకే జబ్బూ లేదని చెప్పించాలి. అమ్మ ధైర్యం కోసమే వెళ్తున్నామని మా ఆయనతో అన్నాను.

కానీ మధ్యాహ్నం నుంచి నాకు ఆకలే వేయలేదు.